మామిడి తోటలో రాత్రిపూట రేడియోలో అంకెలు చదివే గొంతు. ఎవరిదో చెప్పగలరా?

దామలచెరువు తోట | మే 21, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. మాది పాకాల మండలం, దామలచెరువు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి. రెండున్నర ఎకరాల మామిడి తోట ఉంది. ఎక్కువ బెంగళూర చెట్లే, గట్టు మీద ఆరు బేనీషా, రెండు నీలం. కాయ ముదిరిందంటే రాత్రి కాపలా తప్పదు. పోయిన సంవత్సరం ఒక్క రాత్రిలో నాలుగు చెట్లు దులుపుకొని పోయినారు. అందుకని ఏప్రిల్ చివరి నుంచి నేను తోటలోనే పడుకుంటున్నాను. గుడిసె దగ్గర సెల్‌కి సిగ్నల్ రాదు, బోరు మోటారు దాకా పోతే ఒక గీత కనిపిస్తుంది. తోడుకని మా నాయన రేడియో తెచ్చుకున్నాను.

పాత ఫిలిప్స్ సెట్టు. మీడియం వేవ్ ఒకటి, షార్ట్ వేవ్ రెండు. తోలు సంచి ఎప్పుడో పోయింది. బ్యాటరీల మూత లేదు, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంటుంది. మా నాయన పొద్దున కడప స్టేషన్ పెట్టేవాడు, తీరిక దొరికితే సిలోన్. డయలు అద్దం మీద సిలోన్ తగిలే చోట ఆయన ఎర్ర చుక్క పెట్టుకున్నాడు. మా అమ్మ గోళ్ళరంగు అది. సగం చెరిగిపోయినా ఇప్పటికీ కనిపిస్తుంది.

సంగతి ఏమంటే, ఈ నెల రెండో వారంలో ఒక రాత్రి షార్ట్ వేవ్ పెట్టి ముల్లు నిదానంగా తిప్పుతున్నాను. 31 అని రాసిన చోటుకి కొంచెం ఇవతల పిల్లనగ్రోవి వినిపించింది. మన పాట కాదు, కానీ వినడానికి బాగుంది. అది ఆగి, ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. ఏదో రెండు ముక్కలు చెప్పింది. ఆ తర్వాత మొదలైంది చూడండి: నాలుగు మాటలు, ఆగడం. నాలుగు మాటలు, ఆగడం. బడిలో ఎక్కాలు చెప్పించే టీచరమ్మ ఎట్లా పిల్లలు అందుకునే దాకా ఆగుతుందో అట్లాగే ఆగుతుంది. తొందర లేదు, కోపం లేదు, ఏమీ లేదు. పావుగంట పైన చదివింది. చివర్లో మళ్ళీ ఏదో ఒక మాట, అంతే, ఘోష.

మరుసటి రోజు అదే టైముకి పెట్టాను. వచ్చింది. వారం రోజుల్లో అయిదు సార్లు విన్నాను. సరిగ్గా ఏడున్నరకే మొదలవుతుంది. ఏడూ ఇరవై తొమ్మిదికి గాలి హోరు తప్ప ఏమీ ఉండదు. ఫోన్లో రికార్డు చేసి మా అమ్మాయికి పంపాను. అది తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. దాని రూమ్మేట్ చైనా సీరియళ్ళు చూస్తుందట, విని 'ఇవి చైనీస్ అంకెలు అంకుల్, వేరే ఏమీ లేవు, అంకెలే' అంది.

అదే బ్యాండులో ఇంకో చోట ఇత్తడి పళ్ళేలు కొట్టినట్టు, డోళ్ళు వాయించినట్టు సంగీతం వస్తోంది. మాట అనేదే లేదు, వాయిద్యమే. దాని కింద సన్నగా ఎవరో మాట్లాడుతున్నట్టు కూడా అనిపిస్తుంది. అదేమిటో కూడా తెలిస్తే చెప్పండి.

మా బావమరిదికి చెప్తే 'అది గూఢచారుల పని, వింటున్నావని తెలిస్తే నిన్నే పట్టుకుంటారు' అన్నాడు. అప్పటి నుంచి కొంచెం టెన్షన్‌గా ఉంది. వినడం తప్పా? పోలీసులకి చెప్పాల్సిన విషయమా? ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఎక్కువగా తెలుసుకోవాలని ఉన్నది: ఆ అంకెల్లో ఏముందో ఎవరైనా విప్పగలరా? ఆ గొంతు ఎవరో ఒకరి కోసమే చదువుతున్నట్టు ఉంది. ఆ ఒకరు ఎక్కడో కూర్చుని రాసుకుంటున్నారు. నిద్ర పట్టని రాత్రి తోటలో ఆ ఆలోచన వస్తే మనసు ఊరుకోదు.

---

రేణిగుంట రన్‌వే | మే 21, మధ్యాహ్నం 1:40

అన్నా, భయపడాల్సింది ఏమీ లేదు. అది వోల్‌మెట్ అయి ఉంటుంది. ఎగిరే విమానాలకి వాతావరణం చదివి వినిపించే ప్రసారం. మన వైపు 6676, 11387 కిలోహెర్ట్‌జ్‌ల మీద ముంబై, కోల్‌కతా, బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట్ల నుంచి వంతులవారీగా వస్తాయి. గాలి ఎటు నుంచి, ఎంత వేగం, కనుచూపు ఎంత దూరం, ఉష్ణోగ్రత, పీడనం, అన్నీ అంకెలే. తెలియనివాళ్ళు వింటే కోడ్ అనే అనుకుంటారు. నేను కూడా మొదట్లో అట్లాగే అనుకున్నాను.

---

దామలచెరువు తోట | మే 21, సాయంత్రం 5:05

తమ్ముడూ, థ్యాంక్స్. కానీ ఇందులో ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా లేదు. ఊరి పేర్లు లేవు. ముందు పిల్లనగ్రోవి కూడా ఉంది కదా. వాతావరణానికి పాట ఎందుకు? నా సెట్టులో బ్యాండు మార్చే బటన్, టోన్, వాల్యూమ్ తప్ప వేరే మీట ఏదీ లేదు. మాట స్పష్టంగా వినిపిస్తుంది.

---

బైరాగిపట్టెడ రేడియో ఆఫీసర్ | మే 22, ఉదయం 6:30

నాయనా, నీ పోస్టు రాత్రి రెండుసార్లు చదివాను. ఇంత శ్రద్ధగా విని రాసేవాళ్ళు ఇప్పుడు అరుదు. నేను సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేశాను. 1999లో ఓడల మీద మోర్స్ (చుక్కలు, గీతల టెలిగ్రాఫ్ భాష) కాపలా ముగిసిపోయింది, దాంతోపాటు మా ఉద్యోగం కూడా. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. నాకు తెలిసింది వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

రేణిగుంట అబ్బాయి చెప్పింది మంచి అనుమానమే. అంకెలు వింటే ముందు వాతావరణం అనే అనుకోవాలి. కానీ నీ సెట్టే జవాబు చెప్తోంది. వోల్‌మెట్ వచ్చేది సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో. నీ ఫిలిప్స్ లాంటి మామూలు సెట్టులో అది మాటలా వినిపించదు, ముక్కు మూసుకొని బాతు అరిచినట్టు వినిపిస్తుంది. నీకు మాట స్పష్టంగా వచ్చిందంటే ఆ ప్రసారం మన ఆకాశవాణిలాగే మామూలు ఏఎమ్‌లో ఉంది. అంటే కావాలనే, ఎవరింట్లోనైనా ఉండే సాదా రేడియోకి అందేటట్టు పంపుతున్నారు. ఇది గుర్తు పెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

పిల్లనగ్రోవి, చైనీస్ ఆడ గొంతు, నాలుగేసి అంకెలు, ఏఎమ్. ఈ నాలుగూ కలిస్తే వినేవాళ్ళకి తట్టే పేరు ఒకటే. తైవాన్ నుంచి వచ్చే 'స్టార్ స్టార్' స్టేషన్. చైనీస్‌లో దాని పేరుకి నక్షత్రం అని అర్థం. ఇంగ్లీషులో కొందరు న్యూ స్టార్ అంటారు. ఇట్లాంటివాటిని పట్టి జాబితా రాసే ఔత్సాహికులు దానికి వీ13 అని గుర్తు పెట్టారు. మెయిన్‌లాండ్ చైనాలో ఉన్న తమ గూఢచారుల కోసం అని అందరూ అనుకుంటారు. నీ రికార్డింగ్ నేను వినలేదు కాబట్టి అదే అని ప్రమాణం చేయను, కానీ నువ్వు రాసిన ప్రతి వివరం దానికి సరిపోతోంది.

ఏడున్నర సంగతి చూడు. మనకి ఏడున్నర అంటే అర్ధగంట. అయితే రేడియో ప్రపంచం అంతా గ్రీన్‌విచ్ లెక్కన నడుస్తుంది, ఆ లెక్కకి మనం అయిదున్నర గంటలు ముందున్నాం. మన ఏడున్నర అక్కడ సరిగ్గా పద్నాలుగు గంటలు. తైవాన్‌లో, చైనాలో సరిగ్గా రాత్రి పది. అందుకే ఏడూ ఇరవై తొమ్మిదికి ఏమీ లేదు. షార్ట్ వేవ్‌లో మనకి ఏది అర్ధగంటకి మొదలైనా, ఎక్కడో ఒక చోట గడియారం గంట కొడుతోందని అర్థం.

నేను మొట్టమొదట ఇట్లాంటిది విన్నది అరేబియా సముద్రంలో. రాత్రి కాపలాలో ఉన్నాను. మా గదిలో గోడ గడియారం మీద ఎర్ర రంగు వేసిన రెండు ముక్కలు ఉండేవి. గంట కొట్టాక పదిహేనో నిమిషం నుంచి మూడు నిమిషాలు, నలభై అయిదో నిమిషం నుంచి మూడు నిమిషాలు. ఆ సేపు 500 కిలోహెర్ట్‌జ్ మీద ప్రపంచంలో ఏ ఓడా మాట్లాడకూడదు, ఆపదలో ఉన్నవాడి పిలుపు కోసం చెవి పెట్టి వినాలి. ఆ ఎర్ర ముక్క దాటాక నేను రెండో రిసీవరు తిప్పుతుంటే ఒక ఇంగ్లీషు జానపద పాట, రెండే రెండు చరణపు ముక్కలు, పదే పదే. తర్వాత ఒక ఆడ గొంతు ఇంగ్లీషులో అయిదేసి అంకెలు. ప్రతి అయిదో అంకె దగ్గర గొంతు కొంచెం పైకి లేచేది, ప్రశ్న అడిగినట్టు. ఒక్కో గుంపు రెండుసార్లు, మొత్తం రెండు వందల గుంపులు. ముప్పావు గంట అట్లాగే కూర్చుని విన్నాను, టీ చల్లారిపోయింది.

దాన్ని అందరూ ఆ పాట పేరుతోనే 'లింకన్‌షైర్ పోచర్' అని పిలుస్తారు. బ్రిటిష్ గూఢచారి సంస్థది అనీ, సైప్రస్‌లోని అక్రోటిరి వైమానిక స్థావరం నుంచి వచ్చేదనీ ఔత్సాహికులు దిక్కు పట్టి కనుక్కున్నారు. 2008లో ఆగిపోయింది. దాని చెల్లెలు లాంటిది 'చెర్రీ రైప్', మన తూర్పు వైపు సముద్రాల్లో బాగా వచ్చేది, 2009 చివరికి అది కూడా ఆగింది. బ్రిటన్ ప్రభుత్వం ఈ రెండిటి గురించీ ఒక్క మాట కూడా ఒప్పుకోలేదు.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న. విప్పగలరా? కాగితం, పెన్సిల్ తీసుకో.

నాకు 4721 అనే అంకెలు నీకు పంపాలని ఉంది. మన ఇద్దరి మధ్య ముందే ఒప్పందం: 4721 అంటే 'లోడు ఎత్తు'. నా దగ్గర ఒక చిన్న పుస్తకం, నీ దగ్గర అచ్చంగా అదే పుస్తకం. ప్రతి పేజీలో ఏ వరసా లేని అంకెలు. ఈ రోజు పేజీలో 8593 ఉంది. ఒక్కో అంకెనీ దాని కింది అంకెతో కూడుతాను, పది దాటితే ఒకటి ఎత్తి పక్కన పెట్టకుండా వదిలేస్తాను. 4, 8 కలిపితే 12, రాసేది 2. 7, 5 కలిపితే 12, మళ్ళీ 2. 2, 9 కలిపితే 11, రాసేది 1. 1, 3 కలిపితే 4. రేడియోలో చదివేది 2214. నువ్వు 2214 రాసుకొని 8593 తీసేస్తావు. చాలకపోతే పది అప్పు తెచ్చుకుంటావు. 4721 వస్తుంది. లోడు ఎత్తావు. పేజీ చించి కాల్చేస్తావు, నేనూ కాల్చేస్తాను.

మధ్యలో ఎవడో 2214 విన్నాడు. వాడి దగ్గర పుస్తకం లేదు, ఊహిస్తాడు. పేజీలో 7309 ఉందేమో అనుకుంటే వాడికి 5915 వస్తుంది. మన ఒప్పందంలో 5915 అంటే 'లోడు ఎత్తొద్దు' అనుకో. ఇంకో అంకె ఊహిస్తే ఇంకో మాట. ప్రతి మాటా అంతే సులభంగా వస్తుంది. ఏది నిజమో తేల్చడానికి చిన్న ఆధారం కూడా మిగలదు. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా అంతే, ఎందుకంటే లెక్క కష్టమై కాదు, లెక్కలో సమాచారమే లేదు. 1917లో వెర్నమ్ అనే అమెరికన్ ఇంజినీరు టెలిగ్రాఫ్ కోసం మొదలుపెట్టిన ఆలోచన ఇది. అంకెలు నిజంగా వరస లేనివై, పేజీ ఒక్కసారే వాడితే దీన్ని విప్పడం అసాధ్యం అని క్లాడ్ షానన్ గణితంతో నిరూపించి 1949లో అచ్చు వేశాడు.

ఇంత ఇంటర్నెట్ ఉండగా ఇంకా రేడియో ఎందుకు అంటే, ముందు గుర్తు పెట్టుకోమన్న మాట. నువ్వు ఫోన్లో ఏది చూసినా ఎక్కడో ఒక చోట నీ జాడ పడుతుంది. రేడియో వినేవాడికి జాడ లేదు. నీ తోటలో ఆ గొంతు విన్నావని ఆమెకి తెలియదు, తైవాన్‌కి తెలియదు, ఎవరికీ తెలియదు. ఆమె వినాలనుకున్న మనిషికి కూడా అదే రక్షణ. వాడి ఇంట్లో వెతికితే దొరికేది నీ ఫిలిప్స్ లాంటి సెట్టు ఒకటే.

తప్పా అని అడిగావు. ఒకప్పుడు రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళం, మీ నాయన కూడా కట్టి ఉంటాడు. అది ఎప్పుడో తీసేశారు. ఇంట్లో రేడియోలో ముల్లు తిప్పితే తగిలిన ప్రసారం విన్నందుకు నిన్ను ఎవరూ పట్టుకోరు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం మాత్రం నేరం, నువ్వు ఆ పని చేయడం లేదు. పోలీసులకి చెప్పాల్సింది కూడా నాకు ఇందులో కనపడలేదు. ఇవి దేశదేశాల్లో వేలమంది రోజూ విని, టైములు రాసి పంచుకుంటున్న ప్రసారాలే.

ఇత్తడి పళ్ళేల సంగీతం గురించి. అది చైనా వాళ్ళ అడ్డుకట్ట. తమకి ఇష్టం లేని స్టేషన్ వస్తుంటే దాని మీదే, అదే ఫ్రీక్వెన్సీలో, తమ సంప్రదాయ వాద్య సంగీతం టేపు గంటసేపు గట్టిగా వదులుతారు. వినేవాళ్ళు దానికి 'ఫైర్‌డ్రేక్' అని పేరు పెట్టారు. టిబెట్ వాళ్ళకి వచ్చే ప్రసారాలు, తైవాన్ నుంచి వచ్చే కొన్ని ప్రసారాలు దాని కింద పడి నలుగుతుంటాయి. నీకు కింద సన్నగా వినిపించిన గొంతు అట్లా నలిగినవాళ్ళదే అయి ఉంటుంది. నేను ఆ సంగీతాన్ని ఎన్నిసార్లు విన్నా మనసుకి కష్టంగానే ఉంటుంది. ఎవరో ఏదో చెప్పుకుంటున్నారు, వినపడకుండా డోలు కొడుతున్నారు.

ఒక పని చెయ్యి. నోటుబుక్కులో తారీఖు, టైము, ముల్లు ఎక్కడుంది, ముందు ఏం వచ్చింది, ఎంతసేపు చదివింది రాయి. రాకపోయిన రోజు కూడా రాయి, అది కూడా అంతే ముఖ్యం. ముల్లు సరిగ్గా ఎక్కడుందో తెలియాలంటే 10 మెగాహెర్ట్‌జ్ దగ్గర వెతుకు, గడియారంలా టిక్ టిక్ మని కొడుతూ ఉంటుంది. చైనాలోని షాన్‌షీ రాష్ట్రం నుంచి వచ్చే బీపీఎమ్ అనే టైము స్టేషన్. గంట కొట్టడానికి ముందు నిమిషంలో అందులో కూడా ఒక చైనీస్ ఆడ గొంతు పలుకుతుంది, దాన్ని చూసి పొరబడకు. అక్కడ ఒక చుక్క పెట్టుకుంటే, దాని నుంచి కిందికి లెక్క వేసుకోవచ్చు.

---

గాదంకి పక్క ఊరు | మే 22, రాత్రి 9:20

తాతగారూ, మీ 4721 లెక్క నేను కాగితం మీద వేసి చూశాను. ఇన్నాళ్ళూ వన్ టైమ్ ప్యాడ్ (మీరు చెప్పిన ఒక్కసారే వాడే పుస్తకం పద్ధతి పేరు అదే) గురించి చదివినా ఇంత సులభంగా అర్థం కాలేదు. నేను ఎస్వీ యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాను.

ఒక్క మాట మాత్రం కలపాలి. విప్పడం అసాధ్యం అన్నది పుస్తకానికి నిజం, మనుషులకి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సోవియట్ వాళ్ళు తొందరలో కొన్ని పేజీలు రెండేసి సార్లు అచ్చు వేసి వాడారు. అమెరికా సైన్యం 1943లో మొదలుపెట్టిన 'వెనోనా' అనే పనిలో ఆ జంటలు దొరికాయి, వాటితో కొన్ని సందేశాలు చదవగలిగారు. ఇంకొకటి ఆనా మోంటెస్. అమెరికా రక్షణ శాఖ గూఢచార సంస్థలో విశ్లేషకురాలు, క్యూబాకి పనిచేసింది. ఇంట్లో సోనీ షార్ట్ వేవ్ రేడియో పెట్టుకొని క్యూబా నుంచి వచ్చే స్పానిష్ అంకెలు వినేది, లాప్‌టాప్‌లో కొట్టి విప్పుకునేది. విప్పిన పాఠం కంప్యూటర్‌లో చెరిగిపోలేదు. ఎఫ్‌బీఐ రహస్యంగా ఇంట్లోకి వెళ్ళి అది తీసుకుంది. 2001 సెప్టెంబర్‌లో అరెస్టు. అంటే మీరన్న 'జాడ ఉండదు' అనేది రేడియో వరకే. కాగితం కాల్చినంత సులభంగా కంప్యూటర్ కాలదు.

తోట అంకుల్‌కి: మీరు తిరుపతి వైపు వచ్చేటప్పుడు గాదంకి దగ్గర ఎడంచేతి వైపో కుడిచేతి వైపో చూసి ఉంటారు, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అక్కడ పొలంలో పందిరి గుంజల్లా వరసగా 1024 యాంటెన్నాలు ఉంటాయి. పై గాలి పొరలను చూసే ఎమ్‌ఎస్‌టీ రాడార్ అది. ఊళ్ళో కొందరు రేడియోలో వచ్చే వింత శబ్దాలన్నీ దాని వల్లే అంటారు, అది నిజం కాదు. అది పనిచేసేది 53 మెగాహెర్ట్‌జ్ మీద, మీ షార్ట్ వేవ్ 30తోనే అయిపోతుంది. కానీ మీరు విన్న గొంతుకి, ఆ రాడార్‌కి ఒక సంబంధం ఉంది. తైవాన్ నుంచి మీ తోట దాకా సుమారు నాలుగున్నర వేల కిలోమీటర్లు. భూమి గుండ్రం, నేరుగా రాదు. పైన మూడు వందల కిలోమీటర్ల దరిదాపుల్లో అయనోస్ఫియర్ అనే పొర ఉంటుంది, అది అద్దంలా తరంగాన్ని కిందికి తిప్పుతుంది. ఆ గొంతు కనీసం రెండు గెంతులు వేసి, మధ్యలో ఒకసారి సముద్రాన్నో నేలనో తాకి, మీ గుడిసెలోకి వస్తోంది. మనం భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం కాబట్టి పొద్దు గుంకాక ఆ పొర నీళ్ళు ఉడికినట్టు బుడగలు లేస్తుంది. గాదంకిలో రాడార్‌తో చూసేవాటిలో ఆ బుడగలు కూడా ఒకటి. మీ రికార్డింగ్‌లో గొంతు వణికినట్టు, నీళ్ళలోంచి వచ్చినట్టు ఎప్పుడైనా అనిపించిందా? అనిపిస్తే ఆ టైము తప్పకుండా రాయండి, దయచేసి.

మీకు అంత స్పష్టంగా రావడానికి తోట కూడా కారణం. మా ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, చార్జర్లు, ఒకటే గురగుర. కరెంటు పోయినప్పుడు మాత్రమే నాకు షార్ట్ వేవ్ వినిపిస్తుంది.

---

బైరాగిపట్టెడ రేడియో ఆఫీసర్ | మే 23, ఉదయం 6:10

అమ్మా, నువ్వు చెప్పిందే సరి. 'పేజీ ఒక్కసారే' అని రాసి ఊరుకున్నాను, వాడేది మనుషులని చెప్పలేదు. వణుకు గురించి కూడా నాకు ఓడ మీద అనుభవమే గానీ కారణం నీ దగ్గరే తెలుసుకున్నాను.

ఒకటి గుర్తొచ్చింది. 2016లో ఉత్తర కొరియా రేడియో పదహారేళ్ళ తర్వాత మళ్ళీ అంకెలు మొదలుపెట్టింది. ఎట్లా చదివిందో తెలుసా, దూరవిద్య విద్యార్థులకి పాఠం చెప్పినట్టు. 27వ నంబరు అన్వేషణ బృందానికి పునశ్చరణ అంటూ, 459వ పేజీ 35వ ప్రశ్న, 913వ పేజీ 55వ ప్రశ్న, అట్లా. తోట అబ్బాయి 'టీచరమ్మ' అని రాసినప్పటి నుంచి నాకు అదే మనసులో తిరుగుతోంది.

అర్ధరాత్రి దాటాక నిద్ర పట్టకపోతే, నీ సెట్టులో కింది బ్యాండు 4 మెగాహెర్ట్‌జ్ దాకా ఉంటే, 4625 కిలోహెర్ట్‌జ్ దగ్గర కూడా చూడు. రష్యాది, నిమిషానికి పాతిక సార్లు బర్రు బర్రు మని కొడుతుంది. ఏళ్ళ తరబడి, రాత్రీ పగలూ. ఎప్పుడో ఒకసారి శబ్దం ఆగి ఒక మగ గొంతు రష్యన్‌లో పేర్లు, అంకెలు చదువుతుంది. మన దాకా అందడం కష్టమే, అందితే అదృష్టం.

---

దామలచెరువు తోట | మే 27, ఉదయం 11:30

సార్, చెల్లెమ్మా, తమ్ముడూ, అందరికీ నమస్కారాలు. నాలుగు రోజులు నోటుబుక్కు రాశాను. మా అమ్మాయి పాత రికార్డు పుస్తకం వెనక పేజీలు.

23వ తేదీ: 7:30కి వచ్చింది. పిల్లనగ్రోవి, గొంతు. 7:52కి ఆగింది. నిక్కచ్చిగా ఉంది.

24వ తేదీ: వచ్చింది. 7:41 నుంచి ఒక రెండు నిమిషాలు గొంతు నీళ్ళ తొట్టిలోంచి వచ్చినట్టు వణికింది, చెల్లెమ్మ చెప్పినట్టే. మళ్ళీ సర్దుకుంది. ఆ వణుకులో కూడా నాలుగు, ఆగడం, నాలుగు, ఆగడం తెలుస్తూనే ఉంది.

25వ తేదీ: రాలేదు. ఎనిమిదిన్నర దాకా కూర్చున్నాను. ఘోషే.

26వ తేదీ: వచ్చింది. పిల్లనగ్రోవి వరకే విన్నాను. అప్పుడే పై గట్టు దగ్గర కుక్క అరిచింది, టార్చి తీసుకొని పోయాను. అడవి పందులు. తిరిగి వచ్చేసరికి అయిపోయింది.

టిక్ టిక్ స్టేషన్ దొరికింది సార్. సరిగ్గా మీరు చెప్పినట్టే, టైముకి ముందు ఆడ గొంతు కూడా. అక్కడ చుక్క పెట్టడానికి రంగు లేక మా ఆవిడ కుంకుమ కొంచెం నూనెలో కలిపి పెట్టాను. అంకెల గొంతు దానికి కొంచెం ఎడం పక్కన, మా నాయన సిలోన్ చుక్క కుడి పక్కన. 4625 ఇంకా దొరకలేదు, ఒక రాత్రి బర్రుమంటే ఎగిరి లేచాను, కానీ అది పక్క తోటవాళ్ళ మోటారు స్టార్టరు.

మీ 4721 లెక్క మా బావమరిది చేత వేయించాను. రెండుసార్లు తప్పు వేశాడు, అప్పు తీసుకోవడం మర్చిపోయి. మూడోసారి వచ్చింది. ఇప్పుడు వాడే రాత్రి ఏడుకల్లా తోటకి వస్తున్నాడు.

25వ తేదీ ఎందుకు రాలేదో ఆలోచిస్తున్నాను. పైన పొర సరిగా లేకనా, వాళ్ళే పంపలేదా? చెల్లెమ్మా, ఇది తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? ఆ రోజు మిగతా స్టేషన్లు మామూలుగానే వచ్చాయి, పళ్ళేల సంగీతం కూడా.

రేపు మండీకి బెంగళూర లోడు ఉంది. బేనీషా ఇంట్లోకే కోశాం, గడ్డిలో పెట్టాను. ఆదివారానికి రంగు తిరుగుతాయి. సార్, ఆ రోజు తిరుపతి వస్తున్నాను, మీరు సరేనంటే కాయలు, రికార్డింగులు రెండూ తెస్తాను. ఆ వణికిన రెండు నిమిషాలు మీ చెవితో వినాలి.